బస్సులో ఇన్వర్టర్ పెట్టించేవాళ్లు జాగ్రత్త, ఒక బ్యాటరీ నుంచి లైను లాగితే రెండూ పోతాయి

పాత బస్సు కొని లోపల బెర్తులు, వంటగట్టు, చిన్న ఫ్రిజ్ పెట్టించుకుని యాత్రలకు తిప్పుకుందామనుకునేవాళ్లు ఇన్వర్టర్ కొనేముందు ఇది చదవండి.

విజయనగరంలో ఒక షాపాయన (పేరు రాయను) 2000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులాంటి కరెంటే ఇచ్చే) ఇన్వర్టర్ అని, ఫ్రిజ్, మిక్సీ, ఫ్యాన్లు, టీవీ అన్నీ లాగేస్తుందని చెప్పి మా దగ్గర 11,000 తీసుకున్నాడు. బస్సుకి ఉండేది 24 ఓల్టులు, అంటే 12 ఓల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి కలిపి) ఉంటాయి. ఆయన ఇచ్చింది మాత్రం 12 ఓల్టుల ఇన్వర్టర్. ఇదెలా పనిచేస్తుందని అడిగితే "ఏం కాదు సార్, ఒక బ్యాటరీ నుంచి లైను లాగేస్తా, అందరికీ ఇలాగే చేస్తున్నాం" అన్నాడు. అసలు గొడవంతా అక్కడే ఉంది.

లోడు ఒక్క బ్యాటరీ మీదే పడుతుంది కాబట్టి అది ఖాళీ అవుతూ ఉంటుంది, రెండోది నిండుగానే ఉంటుంది. ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీలను చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కి ఆ తేడా తెలీదు, రెండింటికీ కలిపి 28 ఓల్టులు ఇచ్చుకుంటూ పోతుంది. దాంతో ఖాళీదానికి చార్జింగ్ చాలదు, నిండుదానికి ఎక్కువై లోపల నీళ్లు మరిగిపోతాయి. పూరీ వెళ్తుంటే ఇచ్ఛాపురం దాటకముందే కుళ్లిన గుడ్ల వాసన మొదలైంది, పొద్దున్న చూస్తే సెల్ఫ్ తిరగలేదు, పెద్దవాళ్లతో సహా అందరం దిగి తోశాం. మెకానిక్ ఇంజిన్ ఆన్‌లో పెట్టి మీటరు పెడితే ఒక బ్యాటరీ 13 దగ్గర, ఇంకోటి 15 దగ్గర చూపించాయి. రెండూ 14కి అటూ ఇటూగా సమానంగా ఉండాలి. మీ బస్సులో ఇప్పటికే ఇలా లాగి ఉంటే ఇవాళే చూపించుకోండి, రెండు నిమిషాల పని.

ఇంకో మోసం, ఆ 2000 అనేది క్షణంసేపు ఇవ్వగలిగే పీక్ మాత్రమే. కంటిన్యూయస్ (ఆగకుండా ఇచ్చేది) 1000 అని వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ 1000 వాట్లు లాగినా 12 ఓల్టుల మీద, ఇన్వర్టర్‌లో వృథా అయ్యేది కూడా కలిపితే 90 ఆంపియర్లు దాటుతుంది, దానికి ఆయన వేసింది 6 స్క్వేర్ ఎంఎం సన్న వైరు, ఫ్యూజు అసలు లేదు! పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి. ప్యూర్ సైన్ వేవ్ కూడా ఒట్టి మాటే, ఫ్యాన్లు గుయ్యిమంటాయి, మిక్సీ మోటారు వేడెక్కిపోతుంది.

తిరిగొచ్చి అడిగితే లోడు ఎక్కువ వేశారన్నాడు, ఆ తర్వాత బండ్లలో వాడితే వారంటీ లేదన్నాడు. అమ్మేటప్పుడు బస్సుకే అని తెలుసు కదయ్యా!

కొనేవాళ్లు 24 ఓల్టులదే అడగండి, కంటిన్యూయస్ వాట్లు ఎంతో బిల్లు మీద రాయించుకోండి. ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకి ఎన్నో రెట్లు లాగుతుంది, దానికి చోటు ఉంచండి. బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు ఉండాలి. కుదిరితే ఇన్వర్టర్‌కి వేరే బ్యాటరీలు పెట్టుకోండి, అప్పుడు ఫ్యాన్లు ఆగినా బండి మాత్రం స్టార్ట్ అవుతుంది. 12 ఓల్టుల సామాను ఏదైనా తప్పనిసరైతే 24 నుంచి 12కి మార్చే కన్వర్టర్ విడిగా దొరుకుతుంది, అది పెట్టమనండి. అక్కర్లేదు అనే షాపులో కొనకండి.