ఆ బ్రేకు తొక్కింది మీరేనా? డ్రైవింగ్ స్కూల్లో చేరబోయేవాళ్లకు ఒక హెచ్చరిక

డ్రైవింగ్ స్కూల్లో డబ్బు కట్టబోతున్నవాళ్లు, ఇప్పటికే కట్టేసి క్లాసులకు వెళ్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నేను చేరిన స్కూలు కోర్సు అయిపోయిందని చెప్పి పంపించేసింది. టెస్టు పాసయ్యాను, లైసెన్సూ చేతికొచ్చింది. కానీ కారు నడపడం మాత్రం రాలేదు. తర్వాత ఇంకో చోట మళ్లీ మొదటినుంచి నేర్చుకుంటే తప్ప అసలు సంగతి అర్థం కాలేదు. మొదటి స్కూల్లో ఉన్నన్నాళ్లూ కారును ఎక్కువగా నడిపింది పక్క సీట్లో కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ కాళ్లే.

డ్రైవింగ్ నేర్పే కార్లలో పక్క సీటు దగ్గర కూడా బ్రేకు ఉంటుంది. మాన్యువల్ గేరు బండ్లలో చాలావాటికి క్లచ్ కూడా ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడినప్పుడు ప్రమాదం జరక్కుండా బండిని ఆపడానికే ఆ ఏర్పాటు. అది ఉండాల్సిందే, అది లేని బండిలో నేర్పుతామంటే అసలు ఎక్కకండి. మా ఇన్‌స్ట్రక్టర్ మాత్రం దాన్ని ప్రమాదాల కోసం అట్టే పెట్టలేదు. బండి కదిలించాల్సిన ప్రతిసారీ క్లచ్ ఆయనే తొక్కేవారు, ఆయనే మెల్లగా వదిలేవారు. మలుపు వస్తే బ్రేకూ ఆయనదే. స్టీరింగ్ తిప్పడం, గేరు వేయడం వరకే నా వంతు. ఇంజన్ ఎప్పుడూ ఆగిపోయేది కాదు. "చూశారా, ఎంత తొందరగా వచ్చేసిందో" అని మెచ్చుకునేవారు కూడా.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల చేతిలో ఇంజన్ ఆగిపోవడం మామూలు విషయం. క్లచ్ ఎంత వదిలితే బండి కదులుతుందో కాలికి తెలియాలంటే కొన్నిసార్లు ఆగిపోవాలి కూడా. మీ క్లాసుల్లో అది అస్సలు జరగడం లేదంటే అనుమానించండి.

పక్కనుంచి తొక్కుతున్నారో లేదో కనిపెట్టడం కష్టమేమీ కాదు. చాలా కార్లలో పక్క పెడల్‌ని కడ్డీతోనో కేబుల్‌తోనో మన పెడల్‌కి కలుపుతారు. ఆయన తొక్కగానే మన పెడల్ కూడా కిందికి పోతుంది. మీరు నొక్కకముందే క్లచ్ కాలి కింద నుంచి జారిపోతున్నట్టు అనిపిస్తే, లేదా మీ కాలు బ్రేకు మీద లేకుండానే బండి నెమ్మదిస్తే, ఆ పని చేసేది ఆయనే. "ఇప్పుడు మీరు తొక్కారా సార్?" అని అప్పటికప్పుడే అడగండి. మంచి ఇన్‌స్ట్రక్టర్ అయితే అవునని ఒప్పుకుని, ఎందుకు తొక్కాల్సి వచ్చిందో చెప్తారు. జర్మనీలో టెస్టు రోజు ఇన్‌స్ట్రక్టర్ పక్క సీట్లో, ఎగ్జామినర్ వెనక సీట్లో కూర్చుంటారు. ఇన్‌స్ట్రక్టర్ తన పెడల్ తొక్కితే ఎగ్జామినర్‌కి తెలిసేలా కార్లో శబ్దమో లైటో వచ్చే ఏర్పాటు ఉంటుంది. అలాంటిది నేర్చుకునే రోజుల్లోనే ప్రతి బండిలో ఉండాలని నా కోరిక. నా టెస్టు రోజున మాత్రం అదే స్కూలు కారు, పక్కన మా ఇన్‌స్ట్రక్టరే.

దాని ఫలితం నేను ఒంటరిగా బయటికి వెళ్లిన రోజే తెలిసింది. ఎత్తు రోడ్డు మీద సిగ్నల్ పడింది, వెనకాల బండి దాదాపు ఆనుకుని ఆగింది. సిగ్నల్ మారింది. బ్రేకు మీద నుంచి కాలు తీయగానే కారు వెనక్కి జారడం మొదలైంది. మళ్లీ బ్రేకు, మళ్లీ జారడం, ఇంజన్ ఆగిపోవడం, వెనక హారన్లు. చేతులు వణికాయి. వెనకాల ఉన్నది కారు. అదే స్కూటరో, నడిచి వెళ్లే పెద్దవాళ్లో అయ్యుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ఈ పోస్టు రాయడానికి కారణం కూడా అదే.

రెండో చోట నేర్పిన మేడమ్ మొట్టమొదట చేసిన పని, చదునైన ఖాళీ మైదానానికి తీసుకెళ్లడం. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దన్నారు. ఫస్ట్ గేరు వేసి, క్లచ్ మాత్రమే వెంట్రుకవాసి చొప్పున వదలమన్నారు. ఒక చోటికి వచ్చేసరికి ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, బండిలో చిన్న వణుకు పుడుతుంది, ఆ తర్వాత దానంతటదే కదులుతుంది. ఇంజన్‌తో తిరిగే పలక, గేరు బాక్సు వైపు పలక ఒకదాన్నొకటి పట్టుకోవడం మొదలయ్యే చోటు అది. హాఫ్ క్లచ్ అని అందరూ అనేది దీన్నే. ఎత్తు మీద హ్యాండ్ బ్రేకు వేసి ఉంచి, క్లచ్‌ని ఆ చోటికి తెచ్చి, యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, బండి ముందుకు లాగుతోందని తెలిశాక హ్యాండ్ బ్రేకు దించాలి. అంతే, వెనక్కి జారదు. ఆవిడ తన పాదాలు రెండూ వెనక్కి, నాకు కనిపించేలా పెట్టుకుని కూర్చునేవారు. తొక్కాల్సి వస్తే "ఇప్పుడు నేను తొక్కాను" అని పైకి చెప్పేవారు. ఆ ఒక్క మాటలో ఎంత నిజాయితీ ఉందో మొదటి స్కూలు చూసినవాళ్లకే అర్థమవుతుంది.

పార్కింగ్ విషయంలోనూ ఇదే మోసం. మొదటి స్కూల్లో వెనక అద్దం మీద చిన్న స్టిక్కర్ అంటించి ఉండేది. స్టిక్కర్‌కి ఎదురుగా స్తంభం రాగానే స్టీరింగ్ పూర్తిగా తిప్పు, రెండో స్తంభం కిటికీ మూలకు రాగానే సరిచెయ్యి. టెస్టులో అద్భుతంగా పనిచేసింది. వేరే కారు ఎక్కితే పొడవు వేరు, అద్దాలు వేరు, స్టిక్కర్ లేదు. సీటు ఎత్తు మారినా ఆ లెక్క తప్పిపోతుంది. రివర్స్‌లో స్టీరింగ్ ఎటు తిప్పితే బండి వెనక భాగం అటు వెళ్తుందని, అదే సమయంలో ముందు భాగం రెండో వైపు బయటికి వస్తుందని, పక్క బండికి గీత పడేది చాలాసార్లు ఆ ముందు మూలతోనేనని ఎవరూ చెప్పలేదు. "గుర్తులు బట్టీ పట్టండి, పాసైపోతారు" అన్నారు. పాసయ్యాం కూడా.

నేర్పకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి. నాకు ఎక్కువ కోపం తెప్పించేది బ్రేకు విషయం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో కనపడి కాలు బ్రేకు మీదకి వెళ్లడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, ఆ 17 మీటర్లూ బండి అదే వేగంతో వెళ్లిపోయినట్టే. ఆ తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినా ఆగడానికి ఇంకో 20 మీటర్ల దాకా కావాలి. 30 కిలోమీటర్ల వేగంలో అయితే బ్రేకు పడ్డాక 5 మీటర్లు చాలు. వేగం రెండింతలయితే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. వాన పడితే ఇంకా పెరుగుతుంది. ఇది చెప్పడానికి ఎంతసేపు కావాలి? ముందు బండి ఏదైనా స్తంభాన్ని దాటాక మనం అదే స్తంభాన్ని చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలన్న చిన్న సూత్రం కూడా నాకు రెండో చోటే తెలిసింది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో గట్టిగా తొక్కితే పెడల్ కాలి కింద అదురుతుందని, భయపడి కాలు తీసేయకూడదని, తొక్కుతూనే స్టీరింగ్ తిప్పి తప్పించుకోవచ్చని కూడా అక్కడే విన్నాను.

సీటు సర్దుకోవడం, అద్దాలు సర్దుకోవడం మొదటి స్కూల్లో ఒక్కసారైనా చేయించలేదు. అద్దాల్లో కనపడని చోటు పక్కనే ఉంటుందని, లేన్ మారేముందు మెడ తిప్పి చూడాలని చెప్పలేదు. చీకట్లో, వానలో క్లాసు లేనే లేదు.

ఇక టైము. కాగితం మీద గంట క్లాసు. అందులో ముందు క్లాసు వాళ్లని ఇంటి దగ్గర దింపడం, తర్వాత వాళ్లని ఎక్కించుకోవడం, ఇంధనం పోయించుకోవడం, దారిలో ఆయన సొంత పనులు. ఒక్కోసారి కార్లో ముగ్గురం ఉండేవాళ్లం. ఒకరు నడుపుతుంటే మిగతా ఇద్దరు వెనక కూర్చుని చూడడాన్ని కూడా క్లాసు కిందే లెక్కేశారు. మిగిలిన కాస్త సమయంలో ఆయన కళ్లు ఫోను మీదే. కోర్సు చివరికి వచ్చేసరికి "మీకింకా కాన్ఫిడెన్స్ రాలేదు, ఇంకో ప్యాకేజీ తీసుకోండి" అన్న మాట మొదలైంది. ఇన్నాళ్లూ తొందరగా వచ్చేసిందని మెచ్చుకున్నది ఆ నోటితోనే. వాడుకోని క్లాసుల డబ్బు తిరిగివ్వమని అడిగితే, కట్టింది వెనక్కి రాదన్నారు. నేను సంతకం పెట్టిన కాగితంలో అలాంటి షరతు ఏదీ లేదు.

అందుకే చేరేముందు మొత్తం కట్టేయకండి. తక్కువకి వస్తుందని ఎంత ఊరించినా, మొదట ఒకటి రెండు క్లాసులకే కట్టి చూడండి. ఒక్కో క్లాసులో నేను స్టీరింగ్ ముందు ఎన్ని నిమిషాలు ఉంటాను, కార్లో ఇంకెవరైనా ఉంటారా, ఇన్‌స్ట్రక్టర్ మారిపోతుంటారా, ఎత్తు మీద, రాత్రిపూట, రద్దీలో నేర్పుతారా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, నేర్చుకునేవాళ్లు నడుపుతున్నప్పుడు ప్రమాదం జరిగితే ఆ బండి ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అని అడగండి. జవాబులు కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా అన్నిటికీ "ఉంటుందండీ, చూసుకుందాం" అనేవాళ్లు కాగితం అడగగానే విసుక్కుంటే అక్కడే తెలిసిపోతుంది. ప్రతి క్లాసు మొదట్లో, చివర్లో మీటరు రీడింగ్ ఫోటో తీసుకోండి. తర్వాత వాదన వస్తే పనికొస్తుంది.

ముఖ్యంగా ఆడపిల్లలకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు ఒక మాట. గేరు వేయడం నేర్పడానికి ప్రతిసారీ చేతి మీద చెయ్యి వేయాల్సిన అవసరం లేదు. గేరు ఏ వైపు ఎలా పడుతుందో బండి ఆపి చూపించొచ్చు, నోటితో చెప్పొచ్చు. అత్యవసరంలో స్టీరింగ్ పట్టుకోవడం వేరు, ఇది వేరు. ఇబ్బందిగా ఉంటే మొహమాటపడకుండా బండి పక్కకి ఆపించండి, ఇన్‌స్ట్రక్టర్‌ని మార్చమనండి, మార్చకపోతే ఫిర్యాదు చేయండి. అరవడం, వెటకారం కూడా భరించనక్కర్లేదు. బెదిరిపోయిన మనిషికి రోడ్డు మీద ధ్యాస ఉండదు.

ఇప్పటికే కోర్సు మధ్యలో ఉన్నవాళ్లు రేపటి క్లాసులో ఒక పని చేయండి. ఖాళీ చోటుకి తీసుకెళ్లమని, పాదాలు పెడల్స్‌కి దూరంగా పెట్టుకోమని ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి, బండి కదిలించడం, ఆపడం, కొంచెం ఎత్తున్న చోట మళ్లీ కదిలించడం మీరే చేయండి. రాకపోతే మిగిలిన క్లాసులన్నీ దానికే వాడమనండి, టెస్టు తేదీ వెనక్కి జరిపినా ఫర్వాలేదు. అడిగినా ఆయన పాదాలు వెనక్కి తీయకపోతే స్కూలు నడిపేవాళ్లకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, మిగిలిన డబ్బు అడిగి బయటికి వచ్చేయండి.