పిట్టలకు గింజలు పెట్టే గొట్టం ఫీడర్, పక్కనే ఒక కొమ్మ: మూడు ఆకురాలు కాలాల వాడకం తర్వాత

పారదర్శకమైన పాలీకార్బొనేట్ గొట్టం, నాలుగు రంధ్రాలు, వాటి చుట్టూ లోహపు కట్లు, ఒక్కోదాని కింద పిట్ట కూర్చోవడానికి పుల్ల, పైన మూత, కింద మరచుట్టుతో ఊడివచ్చే అడుగు. వరసగా మూడు ఆకురాలు కాలాలు వాడాక దీని గురించి చెప్పగలిగేది ఇది: గింజలు పెట్టడానికి బాగుంది. ఫొటోలు మాత్రం ఫీడర్ మీద రావు, దాని పక్కన కట్టిన కొమ్మ మీద వస్తాయి. కొనేముందు ఒక్క పరీక్ష చేయండి. పనిముట్టు అక్కర్లేకుండా అడుగు చేత్తో ఊడివస్తుందా? రాకపోతే వద్దు.

అడుగు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అన్నిటికంటే కింది రంధ్రానికి దిగువన రెండు మూడు సెంటీమీటర్ల మేర గింజలు ఏ పిట్ట ముక్కుకీ అందవు. వేసవిలో అవి ఎండి పడి ఉంటాయి. ఆకురాలు కాలంలో రాత్రంతా మంచు కురుస్తుంది, పగటి ఎండకు దాన్ని ఆరబెట్టే బలం ఉండదు. గింజలు ఉబ్బి, మొలకెత్తి, నల్లటి ముద్దగా మారి బూజు పడతాయి. పైనుంచి చూస్తే గొట్టం నిండుగా, శుభ్రంగానే కనిపిస్తుంది. గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి కత్తిరించి, దానికి నాలుగైదు చిల్లులు పెట్టి, కింది రంధ్రం మట్టానికి నిలిచేలా లోపల అమర్చాను. చిల్లులు లేకపోతే నీళ్ళు బిళ్ళ మీదే నిలుస్తాయి. గొట్టాన్ని మూడో వంతుకు మించి నింపకండి. ఒకటి రెండు రోజుల్లో ఖాళీ అయ్యేంత చాలు. మళ్ళీ పోసేముందు మిగిలినవి కుమ్మరించి చూసి, తడివి పారేసి, ఎండువి ముందు, కొత్తవి వాటిపైన పోయాలి.

రెండు వారాలకోసారి, వానలు పడుతుంటే ఇంకా ముందే, పూర్తిగా విప్పి కడగాలి. సబ్బునీళ్ళతో బ్రష్ వేసి రుద్దాక, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు నానబెట్టి, వాసన పోయేదాకా కడిగి, బాగా ఆరనివ్వాలి. తొందరపడి తడి గొట్టంలో గింజలు పోస్తే అవి గోడకు అంటుకుపోతాయి, కిందికి జారవు. ఒళ్ళంతా ఉబ్బించుకుని కదలకుండా కూర్చున్న పిట్టగానీ, కళ్ళు వాచిన పిట్టగానీ కనిపిస్తే ఫీడర్ రెండు వారాలు తీసేయండి. గుంపుగా ఒకేచోట తింటున్నప్పుడే జబ్బు పాకుతుంది.

నల్ల పొద్దుతిరుగుడు గింజల పొట్టు పలచన, చిన్న ముక్కులకూ పగులుతుంది. ఎర్ర జొన్నలు ఎక్కువగా కలిపిన చవక మిశ్రమం కొంటే సగం నేల మీదికే పోతుంది, ఆ వెనకే ఎలుకలు వస్తాయి.

ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. అద్దానికి గుద్దుకుని పిట్టలు చనిపోకుండా ఉండాలంటే ఫీడర్ కిటికీకి ఒక మీటరు లోపల ఉండాలి, లేదా పది మీటర్లు దాటాలి. దగ్గరైతే పిట్ట వేగం అందుకునేలోపే అద్దం వస్తుంది కాబట్టి దెబ్బ గట్టిగా తగలదు. కెమెరాకేమో మూడు నాలుగు మీటర్లు అనువు. ఆ దూరంలోనే పెట్టాలంటే అద్దం బయటివైపు అయిదు సెంటీమీటర్లకొకటి చొప్పున చుక్కలు అంటించి తీరాలి. చుక్కల గుండా ఫొటో రాదు కనుక లెన్స్ పట్టేంత మేర కిటికీ తెరిచి తీస్తున్నాను. ఇక్కడొక మోసం ఉంది. గది వెచ్చగా, బయట చల్లగా ఉంటే కిటికీ దగ్గర గాలి అలలు అలలుగా కదులుతుంది, ఈకలన్నీ మెత్తగా అలికినట్టు వస్తాయి. తప్పు లెన్స్‌ది కాదు. హీటర్ ఆపి, పావుగంట ముందే కిటికీ తెరిచి ఉంచితే చాలావరకు తగ్గుతుంది.

కొమ్మ వేలంత లావుంటే చాలు, అంతకు మించితే కాళ్ళూ పొట్టా దాచేస్తుంది. ఫీడర్‌కి 40–50 సెంటీమీటర్ల దూరంలో, పై రంధ్రం కంటే కాస్త ఎత్తులో, ఫీడర్ వేలాడే స్తంభానికే క్లాంప్‌తో బిగించాలి. తమ వంతు కోసం పిట్టలు దానిమీదే ఆగుతాయి. కొమ్మ కెమెరాకి అడ్డంగా ఉండాలి. 400 మి.మీ. లెన్స్, ఎఫ్/5.6, నాలుగు మీటర్ల దూరం అయితే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లే. పక్కకు తిరిగిన పిట్టకు ముక్కు నుంచి తోక దాకా అది సరిపోతుంది, ఎదురుగా చూసేదానికి కన్ను స్పష్టంగా కుదిరితే తోక మసకబారుతుంది. వెనక ఆకులు కనీసం ఆరు మీటర్ల దూరంలో ఉంటే పసుపు మెత్తగా పరుచుకుంటుంది.

షట్టర్ వేగం 1/1000 సెకనుకి తగ్గనివ్వకండి, కూర్చున్న పిట్ట తల కూడా నిలకడగా ఉండదు. వాలే క్షణానికి 1/2500 కావాలి. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) ఆటోలో 6400 దాకా వదిలేయండి, దానివల్ల ఫొటోలో వచ్చే గరుకు చుక్కలు తర్వాత శుభ్రం చేసుకోవచ్చుగానీ కదిలిపోయిన కన్ను బాగుపడదు. ఎండ పడిన పసుపు ఆకులు వెనక ఉంటే పిట్ట నల్లబడుతుంది, ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుతురు) ఒక స్టాపులో మూడింట రెండు వంతులు పెంచాలి. చికడీలు అనే చిన్న పిట్టలు ఒక్క గింజ అందుకుని దాచుకోవడానికి ఎగిరిపోతాయి, మళ్ళీ వస్తాయి. వాటికోసం ఫోకస్ ముందే కొమ్మ మీద పెట్టి ఉంచుకోవాలి. గింజలు తినే ఫించ్ జాతి పిట్టలకు ఆ తొందర ఉండదు, రంధ్రం దగ్గరే కూర్చుని నిమిషాల తరబడి నములుతాయి.

ఈ కాలంలో దగ్గరగా చూడవలసింది ఊరపిచ్చుక మగదాని గొంతు. కొత్తగా వచ్చిన ఈకలకు బూడిదరంగు అంచులుంటాయి, వాటి కింద నల్లమచ్చ సగం దాగి, మసి తుడిచినట్టు కనిపిస్తుంది. చలికాలమంతా ఆ అంచులు అరిగి, ఈకలు మారకుండానే వసంతానికి నలుపు బయటపడుతుంది. ఒకే కొమ్మ మీద, ఒకే దూరం నుంచి నెలకో ఫొటో తీసి పక్కపక్కన పెడితే ఈ అరుగుదల తెలుస్తుంది. అమెరికన్ గోల్డ్‌ఫించ్ సంగతి వేరు. అది నిజంగానే ఈకలు మార్చుకుని పసుపు నుంచి గోధుమరంగులోకి వస్తుంది. పసుపు పిట్టలు రావడం మానేశాయని అనుకునేముందు రెక్క మీది చారలు చూడండి.

ఉడతలకు స్తంభం మీద గరాటు ఆకారపు రేకు అడ్డు, దూకడానికి వీలున్న కొమ్మలన్నిటికీ మూడు మీటర్ల దూరం. రెండూ ఉంటేనే పని జరుగుతుంది.

మూడో ఏటికి గొట్టం గీతలు పడి మసకబారింది, వేలాడదీసే తీగ తుప్పు పట్టింది. లోహపు కట్లు, అడుగు మరచుట్టు చెక్కుచెదరలేదు. మళ్ళీ ఇదే రకం కొంటాను, రెండు రంధ్రాల పొట్టిది. అది త్వరగా ఖాళీ అవుతుంది, తడి గింజ మిగలదు.