పాత స్పీకర్లు ఉంచి రిసీవర్ మార్చాను: పాటలకూ సినిమాలకూ ఒకటే సెట్, ఆరు నెలల తర్వాత

మా హాల్లో వార్ఫ్‌డేల్ డైమండ్ 9.1 స్పీకర్లు పెట్టి పద్దెనిమిదేళ్లవుతోంది. వాటికి ఒక పాత స్టీరియో యాంప్. పాటలకు ఏ లోటూ ఉండేది కాదు. ఈ మధ్య వాల్యూమ్ తిప్పితే గరగరమనడం మొదలైంది, అప్పుడప్పుడు ఎడమ స్పీకర్ మూగబోయేది. ఎలాగూ కొనాలి కదా, సినిమాలకు కూడా పనికొచ్చే రిసీవర్ (టీవీ శబ్దం తీసుకుని చుట్టూ ఉన్న స్పీకర్లన్నిటికీ పంచే యాంప్) కొందాం అనుకున్నాను. ఇంట్లో ఒత్తిడి కూడా అదే. 55 అంగుళాల టీవీ కొన్నాం గానీ దాని స్పీకర్లలో డైలాగులు వినపడక, తెలుగు సినిమాని సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసే స్థితికి వచ్చాం.

మొదట వెళ్లిన షాపులో కుర్రాడు "సార్, వెయ్యి వాట్లు" అంటూ ఒక హోమ్ థియేటర్ బాక్స్ సెట్ చూపించాడు. పాత స్పీకర్లు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయండి, రెండు వేలు తగ్గిస్తాం అన్నాడు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో ఆ వాట్లలో నిజం అంత. పవర్ రెట్టింపైతే పెరిగే సౌండ్ 3 డెసిబెల్సే. 70 వాట్ల యాంప్‌కీ 95 వాట్ల యాంప్‌కీ తేడా ఒకటింపావు డెసిబెల్ చిల్లర, చెవికి అందీ అందనట్టు ఉంటుంది. అందుకే వాట్లు చూసి మాత్రం కొనొద్దు. మంచి స్పీకర్లు ఇంట్లో ఉంటే వాటిని అసలు వదులుకోవద్దు, నాకు డబ్బు మిగిలింది అక్కడే.

చివరికి తీసుకున్న రిసీవర్ డెనాన్ ఏవీఆర్-ఎక్స్2800హెచ్. 7.2 ఛానెళ్లు, అంటే ఏడు స్పీకర్లు, రెండు సబ్‌వూఫర్లు (ఒట్టి బేస్ మోగే డబ్బాలు) తగిలించుకోవచ్చు, 8 ఓమ్స్ దగ్గర రెండు ఛానెళ్లు నడిపినప్పుడు ఒక్కోదానికి 95 వాట్లు. ఏడూ కలిసి మోగితే అంత రాదు, చాలా కంపెనీల రిసీవర్లకు అంతే. నాకు కావలసినవి మూడు: టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులో రిసీవర్‌కి తెచ్చే ఈఆర్క్, నాన్నగారి రికార్డ్ ప్లేయర్‌కి ఫోనో ఇన్‌పుట్, గదిలో శబ్దాన్ని మైకుతో కొలిచి సర్దే ఆడిసీ. మూడూ ఉన్నాయి. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు "అన్నయ్యా, ఇక్కడ చవక, వచ్చేటప్పుడు తెస్తాను" అన్నాడు. వద్దన్నాను. అక్కడి మోడల్ 120 వోల్టులది, మన 230కి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి, తొమ్మిది కిలోల పైన బరువు, రేపు ఏదైనా అయితే ఇక్కడ వారంటీ అడగలేం.

వైరు దగ్గర ఒకసారి మోసపోయాను. ప్యూర్ కాపర్ అని చెప్పి ఒక షాపాయన ఇరవై మీటర్లు కోసిచ్చాడు. ఇంటికొచ్చి ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియానికి రాగి పూత! మళ్లీ కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి, అక్కడే గీకి చూసుకుని 14 గేజ్ వైరు తెచ్చుకున్నాను. వేలకు వేలు పోసే ఫ్యాన్సీ కేబుల్ అక్కర్లేదు, అసలైన రాగి చాలు.

మొదటి రాత్రి ఉత్సాహంగా ఘంటసాల పాట పెట్టాను. పాటంతా, వయొలిన్లతో సహా, టీవీ కింద పెట్టిన చిన్న సెంటర్ స్పీకర్‌లోంచే వస్తోంది, పక్కనున్న రెండు పెద్ద స్పీకర్లు మౌనవ్రతం. గుండె జారిపోయింది. తర్వాత అర్థమైంది, రిసీవర్ డాల్బీ సరౌండ్ మోడ్‌లో ఉంది. రెండు ఛానెళ్లలో సమానంగా ఉన్న శబ్దాన్ని ఆ మోడ్ సెంటర్‌కి లాగుతుంది, పాత మోనో రికార్డింగ్‌లో ఉన్నదంతా సమానమే కదా, మొత్తం తీసుకెళ్లి అక్కడ పోసింది. స్టీరియో మోడ్‌కి మార్చగానే గొంతు రెండు స్పీకర్ల మధ్య గాల్లో నిలబడింది. పాటలు పెట్టే ముందు డిస్‌ప్లే మీద ఏ మోడ్ ఉందో ఒకసారి చూసుకోండి. సగం మంది "రిసీవర్‌లో పాటలు బాగుండవు" అనడానికి కారణం ఇదేనేమో అని నా అనుమానం.

ఆడిసీ సెటప్ మే నెలలో చేశాను. మైకుని డబ్బాలో వచ్చిన అట్టముక్కల స్టాండ్ మీద చెవి ఎత్తులో పెట్టి, సోఫా చుట్టూ ఎనిమిది చోట్ల దాకా కొలవొచ్చు. ఫ్యాన్ ఆన్‌లో ఉంటే చుట్టూ శబ్దం ఎక్కువగా ఉందని ఆపేస్తుంది. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ అన్నీ కట్టేసి చెమటలు కక్కుతూ ఆరో చోటికి వచ్చేసరికి వంటింట్లో కుక్కర్ విజిల్. మళ్లీ ఆరోది. మా ఆవిడ చూసిన చూపు సంగతి వదిలేద్దాం.

కొలత అయిపోయాక అన్నీ అయిపోయాయనుకోవద్దు, మెనూలోకి వెళ్లి చూడాలి. గోడకు దగ్గరగా ఉండటం వల్ల కాబోలు, ఐదంగుళాల వూఫర్ ఉన్న నా స్పీకర్లు లార్జ్ అని, అంటే బేస్ మొత్తం అవే మోయగలవని పడ్డాయి. వాటిని స్మాల్ చేసి క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టాను, అంటే అంతకంటే కింది బేస్ బరువు సబ్‌వూఫర్ మోస్తుంది. సబ్ లెవెల్ మైనస్ 12 అని చూపిస్తే అది దాని చివరి హద్దు, సబ్ వెనక ఉన్న నాబ్ తగ్గించి మళ్లీ కొలవడం మేలు. ఇంకొకటి, డైనమిక్ ఈక్యూ, సౌండ్ తగ్గించినప్పుడు బేస్ పలచబడకుండా పెంచేది. రాత్రి తక్కువ సౌండ్‌లో సినిమాకి ఇది భలే ఉంటుంది, పాటలకు మాత్రం అలాగే వదిలేస్తే బేస్ ఉబ్బిపోతుంది. ఆ ఉబ్బు తగ్గించడానికి రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్ అని ఉంటుంది, సినిమాలకు 0, ఇప్పటి పాటలకు 15 పెట్టాను. ఈ ఒక్కటీ తెలియడానికి నాకు నెల పట్టింది.

ఇక అసలు ప్రశ్న, పాటలకు పాత యాంప్ అంత బాగుందా? బావగారి దగ్గర్నుంచి మంచి స్టీరియో యాంప్ ఒకటి వారం అరువు తెచ్చి, అవే స్పీకర్లకు మార్చి మార్చి విన్నాను. రెండింటి వాల్యూమ్ సమానం చేసి వినాలి, లేకపోతే ఎక్కువ మోగేదే బాగుందనిపిస్తుంది. సమానం చేశాక, రిసీవర్‌ని ప్యూర్ డైరెక్ట్‌లో (శబ్దాన్ని ఏ సర్దుబాటూ లేకుండా పంపే మోడ్) పెట్టి, మా అబ్బాయి చెప్పకుండా వైర్లు మారుస్తుంటే నేను కచ్చితంగా గుర్తుపట్టలేకపోయాను. చెవులు ముసలివైపోయాయి అంటారా, కావచ్చు. అయితే ప్యూర్ డైరెక్ట్‌లో ఆడిసీ పనిచేయదు. మా సోఫా వెనక గోడకు ఆనించి ఉండేది, ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఒక స్వరం దగ్గరికి రాగానే గదంతా గుమ్మని మోగేది. సోఫాని అడుగు ముందుకు జరిపి, డైరెక్ట్ మానేసి ఆడిసీతో, సబ్‌తో కలిపి స్టీరియోలో వింటే ఆ గుమ్ము పోయింది, బేస్ గిటార్ వేళ్లు కదులుతున్నట్టు విడివిడిగా వినపడింది. శుద్ధవాదులు ఒప్పుకోరు. మన నున్నటి టైల్స్, బోసి గోడల హాళ్లలో మాత్రం నా ఓటు దీనికే. ఓ మందపాటి కర్టెన్, సోఫా ముందు తివాచీ కూడా వేశాను. వేల రూపాయల మార్పు కంటే ఆ తివాచీ చేసిన మేలు ఎక్కువేమో.

సెంటర్ స్పీకర్ విషయంలో తొందరపడ్డాను. నా డైమండ్ 9 సిరీస్ సెంటర్ ఇప్పుడు కొత్తగా దొరకదు, వేరే సిరీస్‌ది తెచ్చాను. సినిమాలో ఆటో ఎడమ నుంచి కుడికి పోతుంటే మధ్యలో దాని గొంతు మారిపోతుంది. సోఫా మధ్యలో టీవీకి ఎదురుగా ఒకరిద్దరే కూర్చుంటే మెనూలో సెంటర్ లేదని పెట్టేయండి, డైలాగులు ముందు స్పీకర్ల మధ్యలోంచే వస్తాయి. మేం ఐదుగురం, పక్కన కూర్చున్నవాళ్ల కోసం ఉంచాను.

సినిమాల్లో వారం రోజులు ఒట్టి స్టీరియోనే విన్నాను, తప్పు నాదే. టీవీ ఆడియో అవుట్‌పుట్ పీసీఎంలో ఉంది, రిసీవర్‌కి రెండు ఛానెళ్లే పంపుతోంది. పాస్‌త్రూ (సినిమా శబ్దాన్ని మార్చకుండా పంపేది) పెట్టాక రిసీవర్ మీద డాల్బీ డిజిటల్ ప్లస్ అని వచ్చింది, వర్షం వెనకనుంచి పడింది. పైకప్పు స్పీకర్లు పెట్టలేదు, 5.1, అంటే ఐదు స్పీకర్లు ఒక సబ్, మాకు చాలు.

మాది అపార్ట్‌మెంట్. రెండో వారమే కింది ఫ్లాట్ పెద్దాయన వచ్చి "బాబూ, మీ సినిమా మా గ్లాసుల్లో వినపడుతోంది" అన్నారు. సబ్ కింద మందపాటి ఫోమ్, దాని మీద గ్రానైట్ పలక వేశాను. మరీ ముఖ్యంగా రాత్రి పది దాటితే సబ్ ఆపేస్తున్నాను.

అన్నట్టు, పాత యాంప్ పారేయలేదు. వాల్యూమ్ కంట్రోల్ మార్పిస్తే గరగర పోయింది, మరమ్మతు ఖర్చు కూడా పెద్దగా కాలేదు. ఇప్పుడది నాన్నగారి గదిలో ఉంది, పొద్దున్నే ఆరింటికి భక్తిగీతాలు మోగుతున్నాయి. రికార్డ్ ప్లేయర్ కూడా అటే తీసుకుపోయారు, నేను కోరి కొన్న ఫోనో ఇన్‌పుట్ ఖాళీగా ఉంది.