తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు: కోర్సు పూర్తి చేశాక నా అంచనా

మొటిమలకు వాడే మందుల్లో ఐసోట్రెటినోయిన్‌కు ఉన్నంత మంచి పేరూ, అంతే చెడ్డ పేరూ మరి దేనికీ లేవు. హైదరాబాద్‌లో ఒక చర్మవైద్యురాలి పర్యవేక్షణలో పూర్తి కోర్సు వాడాక, ఆ రెండు పేర్లూ దానికి తగినవేనని నాకు అనిపించింది. మందు పనిచేస్తుందా అన్న విషయంలో నాకు అనుమానం లేదు. ఎవరు రాసిచ్చారు, ఏయే పరీక్షలు చేయించారు, ఏ జాగ్రత్తలు చెప్పారు అన్నదాన్ని బట్టే అది మేలు చేస్తుందో కీడు చేస్తుందో తేలుతుంది.

నావి నుదుటి మీద అక్కడక్కడా లేచి తగ్గిపోయే మొటిమలు కావు. బుగ్గల మీద, దవడల వెంట, వీపు మీద లోతుగా గడ్డకట్టి, ముట్టుకుంటే నొప్పెట్టి, మానిన చోట గుంటలు మిగిల్చే రకం. ఒంట్లో వేడి వల్లే ఇదంతా అని ఇంట్లో మజ్జిగ, సబ్జా నీళ్లు తాగించారు, ముల్తానీ మట్టి పూయించారు. తర్వాత డాక్టరు రాసిన బెంజోయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ జెల్‌లతో పాటు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా వాడాను. వాడినంత కాలం కొంత ఉపశమనం ఉండేది, ఆపగానే మళ్లీ మొదటికే వచ్చేది. ఈ మధ్యలో బంధువులు సూచించిన తెల్లబడే క్రీము జోలికి మాత్రం పోలేదు. మందుల షాపుల్లో చీటీ లేకుండానే చేతికిచ్చే అటువంటి క్రీములు చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట ముఖం నునుపుగా కనిపించినా, పోనుపోను చర్మం పలచబడి మొటిమలు విజృంభిస్తాయి.

ఐసోట్రెటినోయిన్ విటమిన్ 'ఎ' కుటుంబానికి చెందిన మందు. రోష్ కంపెనీ 'అక్యుటేన్' పేరుతో తయారుచేసిన ఈ మందుకు 1982లో అమెరికాలో అనుమతి లభించింది. మన దగ్గర సోట్రెట్, ఐసోట్రాయిన్, అక్యుఫైన్, ట్రెటివా వంటి పేర్లతో వేర్వేరు కంపెనీలు అమ్ముతున్నాయి. చర్మంలో నూనె ఊరించే గ్రంథులనే ఇది కుదించివేస్తుంది. నూనె తగ్గితే దాన్ని ఆసరా చేసుకుని పెరిగే బ్యాక్టీరియా తగ్గుతుంది, రంధ్రాలు పూడుకుపోవడం తగ్గుతుంది, వాపు కూడా తగ్గుతుంది. మిగిలిన మందులు వీటిలో ఒకటో రెండో పనులు చేస్తే ఇది అన్నింటినీ ఒకేసారి పట్టుకుంటుంది కాబట్టే, కోర్సు ముగిశాక కూడా చాలామందిలో ఫలితం నిలుస్తుంది.

మోతాదును శరీర బరువును బట్టి లెక్కిస్తారు. సాధారణంగా కిలోకు రోజుకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము చొప్పున ఇస్తూ, మొత్తం కోర్సులో కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు అందేలా చూస్తారు. 60 కిలోల మనిషికి అది 7,200 నుంచి 9,000 మిల్లీగ్రాములు అవుతుంది. రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున వేసుకుంటే ఆరు నెలల నుంచి ఏడున్నర నెలలు పడుతుంది. మన దేశంలో చాలామంది వైద్యులు ఇంతకంటే తక్కువ మోతాదును ఎక్కువ కాలం ఇస్తారు. ఇబ్బందులు తగ్గుతాయి గానీ ఓపిక ఎక్కువ కావాలి. చీటీలో ఒక్క ముక్కలో రాసి వదిలేసే మరో సంగతి ఏమిటంటే, ఈ మందు కొవ్వుతో కలిస్తేనే ఒంటికి సరిగా పడుతుంది. పరగడుపున వేసుకుంటే రక్తంలోకి చేరేది సుమారు సగానికి పడిపోతుంది. నెయ్యి వేసుకున్న పప్పన్నం తిన్న వెంటనే వేసుకోమని మా డాక్టరు గారు చెప్పారు. నూనె వస్తువులు మానేస్తేనే మొటిమలు తగ్గుతాయని నమ్మే మా ఇంట్లో ఈ మాటను ఒప్పించడానికి కొంత సమయం పట్టింది.

మొదటి నెలలో మొటిమలు తగ్గడానికి బదులు పెరిగాయి. ఇలా జరగవచ్చని ముందే చెప్పి ఉండకపోతే అక్కడే మానేసేదాన్ని. ఆ తర్వాత పొడిదనం మొదలైంది. పెదవులు పగలని రోజు లేదు. పెట్రోలియం జెల్లీ డబ్బా చేతిసంచిలో, ఆఫీసు బల్ల మీద, దిండు పక్కన ఉండేది. ఏసీ గదిలో కళ్లు మండేవి కనుక కాంటాక్ట్ లెన్సులు పక్కనపెట్టి కళ్లజోడుకు మారాను. ఒకట్రెండు సార్లు ముక్కులోంచి రక్తం వచ్చింది, మెట్లెక్కితే తొడలు పట్టేసేవి. ఎండను చర్మం అసలు ఓర్చుకోదు. వాక్సింగ్ చేయిస్తే పైచర్మం ఊడివచ్చే ప్రమాదం ఉంది కనుక మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపిన తర్వాత కొన్ని నెలలూ పార్లర్ వైపు వెళ్లకూడదు. పెళ్లిళ్ల కాలంలో ఈ నియమం పాటించడం అంత తేలిక కాదు.

ఆడవారి విషయంలో అన్నింటికంటే ముఖ్యమైనది గర్భం. ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు ఏర్పడే ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే గర్భం లేదని పరీక్షలో తేలాకే మొదలుపెట్టాలి. వాడుతున్నంత కాలం, ఆపిన తర్వాత కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. అమెరికాలో 2006 నుంచి 'ఐప్లెడ్జ్' అనే నమోదు పద్ధతి ఉంది. అందులో పేరు నమోదై, పరీక్ష జరిగితే తప్ప అక్కడ మందు చేతికి రాదు. మన దగ్గర అట్టపెట్టె మీద హెచ్చరిక ముద్రించి ఉంటుంది గానీ, దాన్ని చదివి వినిపించే బాధ్యత ఎవరూ తీసుకోరు. నేను మొదట వెళ్లిన ఒక క్లినిక్‌లో ఈ ప్రస్తావనే రాకుండా చీటీ చేతికిచ్చారు. తర్వాత కలిసిన డాక్టరు గారు మా అమ్మను కాసేపు బయట కూర్చోమని మర్యాదగా చెప్పి, అడగవలసినవన్నీ నన్ను సూటిగా అడిగారు. పెళ్లికాని అమ్మాయిని ఇలా అడగడమేమిటని అమ్మ నొచ్చుకుంది. నేను మాత్రం ఆ ప్రశ్నలతోనే డాక్టరు గారిని నమ్మాను.

మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత అవసరాన్ని బట్టి కాలేయానికి, రక్తంలోని కొవ్వులకు సంబంధించిన పరీక్షలు చేయిస్తారు. కొందరిలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి. డాక్సీసైక్లిన్ వంటి టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్‌లతో కలిపి వాడితే పుర్రె లోపల మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది కనుక పాత చీటీలన్నీ డాక్టరుకు చూపించాలి. విటమిన్ 'ఎ' ఉన్న మాత్రలు వేరుగా వేసుకోకూడదు, కోర్సు ముగిశాక ఒక నెల గడిచేవరకు రక్తదానం చేయకూడదు. ఈ మందుతో మానసిక కుంగుబాటు రావచ్చన్న హెచ్చరిక ఉంది గానీ, దానికి ఈ మందే కారణమని పరిశోధనల్లో స్థిరపడలేదు. అయినా ఆ హెచ్చరికను ఉన్నది ఉన్నట్టే తీసుకోవాలి. మనసు బరువెక్కినట్టు అనిపిస్తే ఇంట్లోవారికీ, డాక్టరుకూ వెంటనే చెప్పాలి.

ఫలితానికి వస్తే, కోర్సు సగానికి చేరేసరికి కొత్త గడ్డలు రావడం ఆగిపోయింది, ముగిసేసరికి వీపు కూడా శుభ్రపడింది. గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని పూడ్చే శక్తి ఈ మందుకు లేదు, ఆ చికిత్స వేరు, దాని ఖర్చూ వేరు. మాత్రల ధర కంపెనీని బట్టి మారినా, నాకు భారమనిపించింది రక్తపరీక్షలు, డాక్టరు ఫీజులే. కొందరిలో మొటిమలు తిరగబెట్టి రెండో కోర్సు అవసరమవుతుంది. నాకు నెలసరి ముందు దవడ దగ్గర ఒకటి రెండు లేస్తున్నాయి, వాటికి రాత్రిపూట అడాపలీన్ సరిపోతోంది. మా పిన్నిగారి అమ్మాయి నా దగ్గర మిగిలిన స్ట్రిప్ ఇమ్మని అడిగింది. దానికి బదులు మా డాక్టరు గారి ఫోన్ నంబరు ఇచ్చాను.