శెనక్కాయ చేనా, కరువు పనా?

అనంతపురం పల్లెల్లో ఉపాధి హామీని ‘కరువు పని’ అనే అంటారు. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే. కరువు పనిలో కూలి రేటుకి ఆడా మగా తేడా లేదు. తవ్విన మట్టి కొలతను బట్టి డబ్బు, అదీ ఖాతాలోకి. కాకపోతే పడేదాకా ఎదురుచూపులే.

శెనక్కాయ చేనులో డబ్బు చేతికే ఇస్తారు. కానీ ఎంత? కొంగు నడుముకు చెక్కి, సాలు వెంట గొంతుకూర్చుని కలుపు తీస్తే, పొద్దుగూకేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. మూటలెత్తే మగాయనకు మాత్రం ఎక్కువ కూలి. ‘బరువు పని కదా’ అంటారు. రోజంతా వంగిన నడుముది బరువు కాదా? సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, మా చేలగట్టు మాత్రం దాటలేదు.

నన్నడిగితే కరువు పనే మేలు. మా పిన్నమ్మ మాత్రం చేనుకే పోతుంది. అంగడి అప్పు ఆగదు కదా.