అప్పీల్ పోయింది, అయినా నాలుగు స్టార్లు

నేను ఇప్పటిదాకా రాసిన రివ్యూలు రెండే. ఒకటి మిక్సీ గురించి, రెండోది ఇడ్లీ పిండి అమ్మే కొట్టు గురించి. ఈ మూడోది ఒక ప్రభుత్వ సేవ గురించి. ఇంగ్లండ్‌లో ఇంటి ప్లాన్‌కి కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, కాదంటే, దాని మీద మనం పెట్టుకునే అప్పీల్ ఉంది కదా, అది. ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో వెనకాల ఒక గది వేసుకోవాలని అనుకోని వాళ్లు తక్కువ. అందుకే రాస్తున్నాను.

మాది 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే ఒక పక్క గోడ పక్కింటితో కలిసే ఉంటుంది. కింద వంటింటి వెనకాల పాత ఓనర్ 3 మీటర్ల గది కట్టించాడు. దాని నెత్తిన ఇంటి వెడల్పంతా ఇంకో గది లేపాలని మా ప్లాన్. తెనాలి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తే దాదాపు ఆరు నెలలు ఉంటారు. పాప గది వాళ్లకిచ్చి, పాపని హాల్లో సోఫా మీద పడుకోబెడతాం. పదమూడేళ్ల పిల్ల ఎన్నాళ్లు ఊరుకుంటుంది?

2024 చివర్లో 258 పౌండ్లు కట్టి దరఖాస్తు పెట్టాం. డ్రాయింగులు గీసినాయన "ఈ వీధిలో అందరూ వేసుకున్నదే, టెన్షన్ పడకండి" అన్నాడు. ఎనిమిది వారాలకి కాదని ఉత్తరం వచ్చింది. కారణాలు రెండు. ఇంటి రూపానికీ వీధి తీరుకీ నప్పదని ఒకటి. పక్కింటి వాళ్ల బెడ్రూమ్‌కి వెలుగు తగ్గి, గోడ మీద పడుతున్నట్టు ఉంటుందని రెండోది. ఒక్కో కారణానికి ఒక్కో పొడుగాటి వాక్యం, చివర పాలసీ నంబర్లు. ఎంత తగ్గిస్తే ఒప్పుకుంటారో మాత్రం ఎక్కడా లేదు.

మామయ్యగారు ఫోన్లో విని, "కట్టేసుకోండమ్మా, తర్వాత బీపీఎస్ వచ్చినప్పుడు డబ్బు కట్టేస్తే సరి" అన్నారు. పర్మిషన్ లేకుండా కట్టినవాటిని డబ్బు కట్టించుకుని సక్రమం చేసే మన దగ్గరి స్కీమ్ అది. ఆయన అనుభవం ఆయనది. ఇక్కడ కట్టాక కూడా పర్మిషన్ అడగొచ్చు గానీ, అప్పుడూ కాదంటే పడగొట్టమని నోటీసు రావచ్చు. ఆ మాట చెప్తే ఆయనకి నమ్మకం కలగలేదు.

ఇంగ్లండ్‌లో ఈ అప్పీళ్లు చూసేది ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్. ఆఫీసు బ్రిస్టల్లో ఉంది. వేల్స్, స్కాట్లండ్‌లకి వేరే ఏర్పాట్లున్నాయి. మాలాంటి ఇంటి మార్పుల దరఖాస్తయితే కౌన్సిల్ నిర్ణయం వచ్చిన 12 వారాల్లోపు అప్పీల్ పెట్టాలి. దానికి ఫీజు లేదు. ఈ మాట రెండుసార్లు చదివాను. లాయర్ని పెట్టుకోనక్కర్లేదు కూడా. ఒక కన్సల్టెంట్ పన్నెండు వందల పౌండ్లు అడిగితే, నేనే రాసుకుంటానన్నాను.

అక్కడే తప్పు చేశాను. ఇంటి కేసుల్లో వాదన చెప్పుకోవడానికి మనకి దొరికేది ఒక్కటే అవకాశం: అప్పీల్‌తో పాటు పంపే స్టేట్‌మెంట్. కౌన్సిల్ కూడా కొత్త వాదన పంపదు, తమ ఫైలు, ఆఫీసర్ రిపోర్టు పంపుతుంది. పక్కింటి వాళ్లు అంతకుముందు రాసిన ఉత్తరాలూ ఆ ఫైల్లోనే వెళ్తాయి. నేనేమో మూడు పేజీల్లో రెండు పేజీలు మా ఇరుకు గురించి, పెద్దవాళ్ల మోకాళ్ల గురించి, పాప చదువు గురించి రాశాను. కొలతల గురించి రాసింది ఒక్క పేరా. పైగా గది కొంచెం తగ్గించిన కొత్త డ్రాయింగ్ జత చేద్దామనుకున్నాను. అది మామూలుగా కుదరదట. కౌన్సిల్ ఏ డ్రాయింగ్ చూసి కాదందో, ఇన్‌స్పెక్టర్ చూసేదీ దాన్నే. ప్లాన్ మార్చుకుంటే మళ్లీ కౌన్సిల్ దగ్గరికే వెళ్లాలి.

పంపేశాక తెలివి వచ్చింది. పాత అప్పీళ్ల తీర్పులు వాళ్ల వెబ్‌సైట్లో ఎవరైనా చదువుకోవచ్చు. రాత్రి గిన్నెలు తోమాక కూర్చుని ఒక ఇరవై దాకా చదివాను. అప్పీళ్లలో నెగ్గేవి సుమారు మూడో వంతే. పక్కింటి వాళ్ల ఇంటి ధర తగ్గుతుందన్న మాటని ఎవరూ పట్టించుకోరు. వాళ్ల కిటికీలోంచి కనిపించే చెట్టు కనపడదన్నా అంతే. వెలుగు, కిటికీ ఎదురుగా గోడ ఎంత దగ్గరికి వస్తుంది, ప్రైవసీ, ఇంటి రూపం, వీటినే పట్టించుకుంటారు. మా ఇరుకూ పెద్దగా లెక్కలోకి రాదని అప్పుడే అర్థమైంది. మేము రేపు ఇల్లమ్ముకుని పోవచ్చు, గోడ మాత్రం అక్కడే ఉంటుంది.

మార్చిలో పెడితే జూన్‌లో ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ఆవిడ ఒక్కతే. చేతిలో డ్రాయింగులు, టేపు. టీ ఇస్తానంటే నవ్వి వద్దన్నారు. అప్పటికి మామయ్యగారు వచ్చి ఉన్నారు. "మేడమ్, యాక్చువల్లీ" అని మొదలుపెట్టారు. కేసు గురించి ఏమీ మాట్లాడకూడదని, చూడ్డానికి మాత్రమే వచ్చానని ఆవిడ మర్యాదగా ఆపేశారు. వెనక తోటలో నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత పక్కింటికెళ్లి వాళ్ల తోటలోంచి కూడా చూశారు. మొత్తం ఇరవై నిమిషాలు. మామయ్యగారు మాత్రం "ఏం మాట్లాడని ఆఫీసర్ని ఇదే చూడ్డం" అని రాత్రి దాకా ఆశ్చర్యపోతూనే ఉన్నారు.

జూలైలో తీర్పు వచ్చింది. అప్పీల్ కొట్టేశారు.

అయినా నాలుగు స్టార్లు ఎందుకంటే ఆ తీర్పు కోసమే. రెండు పేజీలున్నర, పేరాలకి నంబర్లు. ముందు తేల్చాల్సిన విషయాలేంటో చెప్పి, ఒక్కొక్కటీ విడిగా తేల్చారు. ఇంటి రూపం గురించి కౌన్సిల్ చెప్పిన మొదటి కారణాన్ని ఆవిడ ఒప్పుకోలేదు. గది ఇంటి వెనకాల ఉంది, వీధిలోంచి కనపడదు, పైకప్పు కూడా పాతదానితో కలుస్తుంది అని రాశారు. రెండోదాంట్లో మాత్రం కౌన్సిల్ వైపే. వెలుగు ఎంత తగ్గుతుందో చూడ్డానికి పక్కింటి బెడ్రూమ్ కిటికీ మధ్య నుంచి 45 డిగ్రీల గీత గీస్తే మా గోడ దాన్ని దాటుతోంది. ఆ గీత ఒక్కటే ఆధారం కాదని, తాను తోటలో నిలబడి చూసినప్పుడు కూడా సరిహద్దు మీద లేచే పై అంతస్తు గోడ ఆ గదికి మరీ దగ్గరవుతుందనే అనిపించిందని రాశారు. మా ఇరుకు మీద సానుభూతిగా ఒక పేరా కూడా ఉంది.

తీర్పులో చట్టపరంగా తప్పు జరిగిందనుకుంటే ఆరు వారాల్లో హైకోర్టుకి వెళ్లొచ్చు. మాకు ఆ ఆలోచన రాలేదు. తప్పు మా గోడది.

ఈసారి డ్రాయింగులు వేరే ఆయనతో గీయించాం. పై గదిని పక్కింటి సరిహద్దు నుంచి మీటరున్నర లోపలికి జరిపి, పొడుగు 2 మీటర్లకి తగ్గించాం. తీర్పు కాపీ జత చేసి, మొదటి కారణం తేలిపోయిందని ఒకే పేరా రాశాను. అదే ఇంటికి అంతకుముందు వచ్చిన అప్పీల్ తీర్పుని సరైన కారణం చూపకుండా కౌన్సిల్ పక్కన పడేయడానికి లేదు. ఏడు వారాలకి పర్మిషన్ వచ్చింది. ఫీజు మాత్రం ఈసారి 528 పౌండ్లు, 2025 ఏప్రిల్‌లో పెంచారు. కాదన్నాక ఏడాదిలోపు రెండోసారి ఉచితంగా పెట్టుకునే సదుపాయం కూడా 2023 డిసెంబర్‌తో పోయింది.

ఒక స్టార్ తగ్గించింది దేనికంటే, స్టేట్‌మెంట్ ఒక్కసారే అన్న నియమం మనలాంటి మామూలు మనుషులకి కష్టం. రోజూ ఇదే పని చేసేవాళ్లకి ఏది రాయాలో తెలుసు, మనకి పంపాక తెలుస్తుంది. మీరు పెట్టేటట్టయితే ముందు మీ ఇంటిలాంటి ఇళ్ల తీర్పులు ఒక పది చదవండి. తర్వాత టేపు పట్టుకుని పక్కింటి కిటికీ వైపు నుంచి కొలవండి.

ఈ తగ్గించిన ప్లాన్‌లో పాప గదిలో ఒక మంచం, ఒక టేబుల్ పడతాయి, బీరువా పట్టదు. మూడేళ్లలో పని మొదలుపెట్టాలని, ఇటుక పాత గోడతో కలవాలని షరతులు పెట్టారు. ఆ 1930ల ఎర్ర ఇటుకకి సరిపోయేది ఇంకా దొరకలేదు. మామయ్యగారు తెనాలి నుంచి వాట్సాప్‌లో ఇటుక బట్టీల ఫోటోలు పంపిస్తున్నారు.