వినే పాఠమా, పీడీఎఫ్ ప్రతియా?

విశాఖపట్నంలో పరిశోధన చేసే విద్యార్థి ఎబ్‌స్కోహోస్ట్ వంటి పరిశోధన వ్యాసాల డేటాబేసు వేదిక తెరిస్తే, కొన్ని వ్యాసాలకు హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీ రూపపు) పాఠం, పీడీఎఫ్ ప్రతి రెండూ కనిపిస్తాయి. చదివి వినిపించే సాధనం సాధారణంగా మొదటిదానికే ఉంటుంది కనుక, మద్దిలపాలెం నుంచి గాజువాక వెళ్లే బస్సులో కూర్చుని, వేగాన్ని తనకు తగినట్లు మార్చుకుంటూ, కళ్లకు శ్రమ లేకుండా వ్యాసం వినవచ్చు. అయితే పట్టికలు, సమీకరణాలు వచ్చేసరికి ఆ గొంతు తడబడుతుంది. బంగాళాఖాతపు లవణీయత పట్టికను చెవితో అర్థం చేసుకోబోవడం, నా దృష్టిలో, వృథా ప్రయాసే. పీడీఎఫ్‌లో పత్రిక పుటల సంఖ్యలు, చిత్రాలు ముద్రణలో ఉన్నట్లే ఉంటాయి కాబట్టి సిద్ధాంత వ్యాసంలో ఉదహరించడానికి దానినే నమ్ముకోవాలి. స్కాన్ చేసిన పాత సంచికలలో మాత్రం అక్షరాలు బొమ్మలుగా మిగిలిపోయి, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చడం) చేయనిదే వెతకడానికీ వినడానికీ లొంగవు.